బ్యాడ్జీ కాదు, బోల్టులు చూడాలి

పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు చేరితే ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "రెండూ ఫోర్డే కదా, ఎందుకు పట్టదు?" జనరల్ మోటార్స్ వారి ఆస్ట్రేలియా కంపెనీ హోల్డెన్ అభిమానులైతే, "రెండూ జనరల్ మోటార్స్ బళ్లే, ఇందులోది అందులో కూర్చుంటుంది" అంటారు. ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఈ మాట వింటాను. డాలస్‌లో ఉన్న మా బాబాయి కొడుకు ఫోన్ చేసినా ఇదే మాట. ఆస్ట్రేలియా కార్లకూ అమెరికా కార్లకూ మధ్య ఇంజన్, గేర్‌బాక్స్ పార్టులు అటూ ఇటూ మార్చడం సాధ్యమే, దశాబ్దాలుగా జరుగుతున్నదే. అయితే ఏది దేనికి పడుతుందో బానెట్ మీది బ్యాడ్జీ చెప్పదు. ఇంజన్ వెనక వైపు బోల్టు రంధ్రాలు చెబుతాయి. కింద సంప్ (ఆయిల్ నిలిచే తొట్టి) ఆకారం చెబుతుంది. కొత్త బళ్లలో అయితే డాష్‌బోర్డు వెనక వైర్లు చెబుతాయి. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ మూడూ చూడకుండా పేరు చూసి కొనేయడం వల్లే అని నా గట్టి నమ్మకం.

నేను మెకానిక్‌ని కాను. చదువుకునే రోజుల్లో, ఇక్కడికి వచ్చిన చాలామంది తెలుగు కుర్రాళ్లలాగే, రాత్రిళ్లు టాక్సీ నడిపాను. అప్పట్లో మెల్‌బోర్న్ టాక్సీల్లో ఎక్కువ భాగం ఎల్‌పీజీ మీద నడిచే ఫోర్డ్ ఫాల్కన్లే. పగలొకడు, రాత్రొకడు నడుపుతుంటే ఇంజన్ చల్లారే సందే ఉండేది కాదు. అంత నలిగినా ఆ 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ మొండిగా లాగుతూనే ఉండేది. ఈ పిచ్చి నాకు అక్కడే అంటుకుంది.

హోల్డెన్ మొనారో సంగతి చూడండి. 1968లో వచ్చిన హెచ్‌కే మోడల్‌లో పెద్ద ఇంజన్ అమెరికా నుంచి తెచ్చిన షెవర్లే 327 వీ8. (వీ8 అంటే ఎనిమిది సిలిండర్లది, ముందున్న అంకె ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణం.) ఆ తర్వాతి హెచ్‌టీలో షెవర్లే 350. అదే కాలంలో హోల్డెన్ సొంతంగా 253, 308 వీ8లు తయారు చేసింది. అంటే ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే షోరూమ్‌లో పక్కపక్కన నిలబెట్టిన రెండు కార్లు. ఒకదాంట్లో 308, ఇంకోదాంట్లో 350. రెండూ వీ8లే, రెండూ జనరల్ మోటార్స్‌వే. కానీ 308 వెనక పట్టే బెల్‌హౌసింగ్, అంటే ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే గంట ఆకారపు డొప్ప, 350కి పట్టదు. సిలిండర్ల పైన కూర్చునే హెడ్లు పట్టవు, గాలి, పొగ గొట్టాల మానిఫోల్డులు పట్టవు. 308 అంటే షెవర్లే స్మాల్ బ్లాకుకు ఆస్ట్రేలియా రూపం అనుకుని అమెరికా నుంచి పార్టులు తెప్పించినవాళ్లు ఆ పెట్టెలు మళ్లీ అమ్ముకోవాల్సిందే. దూరం అడ్డం కాదిక్కడ, ఒకే షెడ్డులో ఉన్న రెండు మొనారోల మధ్యే పార్టు మారదు.

ఫోర్డ్ దగ్గర ఇంకో రకం చిక్కు. 302 అనే అంకె అమెరికాలో ఒక ఇంజన్, ఆస్ట్రేలియాలో ఇంకో ఇంజన్. అమెరికా వాడి 302 విండ్సర్ కుటుంబంలోది, మస్టాంగుల్లో లక్షల కొద్దీ వచ్చింది. ఆస్ట్రేలియా 302 క్లీవ్‌లాండ్ కుటుంబంలోది, అది ఈ దేశంలో తప్ప ఎక్కడా తయారు కాలేదు. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ ప్లాంటులో 351 క్లీవ్‌లాండ్ 1970 నుంచి 1974 మోడళ్ల దాకానే నడిచింది. మెల్‌బోర్న్ పక్కన జీలాంగ్‌లో మాత్రం 1980ల మొదటి దాకా ఆ కుటుంబం బతికింది. 351 బ్లాకునే తీసుకుని, 3.5 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) బదులు 3 అంగుళాల క్రాంక్ వేసి, పొడుగు కనెక్టింగ్ రాడ్లు పెట్టి ఇక్కడివాళ్లు 302 చేశారు. ఇంజన్ చిన్నదైంది కాబట్టి కంప్రెషన్ (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క) పడిపోకుండా హెడ్‌లో దహన గది కూడా చిన్నది చేశారు.

ఆ హెడ్ మీద ఇప్పటికీ అమెరికా వాళ్లకు కన్ను ఉంది. ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. 351లో బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 4 అంగుళాలు, స్ట్రోకు 3.5. ఒక్కో సిలిండర్ దాదాపు 720 సీసీ. అమెరికాలో మామూలుగా దొరికే 2వీ హెడ్‌లో దహన గది 75 సీసీ అటూ ఇటూ ఉంటుంది. హెడ్ గాస్కెట్ మందం, పిస్టన్ పైన మిగిలే ఖాళీ కలిపి ఒక 15 సీసీ అనుకుందాం. పిస్టన్ పైకి వచ్చేసరికి మిగిలేది 90. 720కి ఆ 90 కలిపి, వచ్చిన 810ని 90తో భాగిస్తే కంప్రెషన్ 9. అదే బ్లాకు మీద ఆస్ట్రేలియా 302 హెడ్ బిగిస్తే గది 58 సీసీ దగ్గరికి వస్తుంది. మిగిలేది 73, అలాగే కలిపి భాగిస్తే 10.9. బోల్టులు అవే, గాస్కెట్ అదే, పిస్టన్ అదే. కంప్రెషన్ మాత్రం దాదాపు రెండు పాయింట్లు పెరిగింది. పైగా గది మూసుకుపోయినట్టు ఉండే ఆకారం కాబట్టి మిశ్రమం బాగా కాలుతుంది. (2వీ, 4వీ అంటే వాల్వుల లెక్క కాదు, కార్బొరేటర్ గొంతుల లెక్క. ఇది తెలియక బేరాలు తప్పినవాళ్లూ ఉన్నారు.) ఇంత తేలిగ్గా ఉందని పంపులో దొరికే మామూలు పెట్రోలు పోసి నడిపితే నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలడం) మొదలవుతుంది. అందుకే తెలిసినవాళ్లు హెడ్‌తో పాటు పిస్టన్ కూడా ఆలోచిస్తారు, గుంట ఉన్న పిస్టన్ వేసి కంప్రెషన్ పదికి అటూ ఇటూ దింపుకుంటారు.

ఈ క్లీవ్‌లాండ్ కథలో నాకు నచ్చేది సరుకు వెళ్లిన దిశ. ఆస్ట్రేలియా అంటే అమెరికా పాత డిజైన్లు అరువు తెచ్చుకున్న దేశం అనే చులకన భావం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. అమెరికాలో 351 క్లీవ్‌లాండ్ ఆగిపోయాక, ఇటలీలో తయారయ్యే స్పోర్ట్స్ కారు డి టొమాసో పాంతెరాకు ఇంజన్లు వెళ్లింది జీలాంగ్ నుంచి. అమెరికా నాస్‌కార్ రేసు జట్లు కూడా ఇక్కడ పోసిన బ్లాకుల కోసం వచ్చాయి. అమెరికా తన ఇంజన్‌ని తానే మానేస్తే, దాన్ని కాపాడి మళ్లీ అమెరికాకే పంపింది ఈ దేశం.

విండ్సర్, క్లీవ్‌లాండ్ ఇంజన్లకు బెల్‌హౌసింగ్ బోల్టుల అమరిక ఒకటే. బోర్ల మధ్య దూరం కూడా ఒకటే, 4.38 అంగుళాలు. ఆ ధైర్యంతోనే 1969లో ఫోర్డ్ వాళ్లే విండ్సర్ రకం బ్లాకు మీద క్లీవ్‌లాండ్ రకం హెడ్లు పెట్టి బాస్ 302 చేశారు. గేర్‌బాక్స్ విషయంలోనూ అంతే, ఒకదాని వెనకది ఇంకోదానికి తగిలించొచ్చు. కానీ ఇక్కడ కంటికి కనిపించని ఉచ్చు ఒకటుంది. ఈ ఇంజన్లలో క్రాంక్ బ్యాలెన్స్ కొంత వెనకున్న బరువు చక్రం ఫ్లైవీల్‌లోనూ, ముందున్న డాంపర్‌లోనూ ఉంటుంది. పాత 302కీ, 351 క్లీవ్‌లాండ్‌కీ అది 28 ఔన్సులు. 1980ల తర్వాతి అమెరికన్ 5.0 లీటర్ల ఇంజన్‌కు 50 ఔన్సులు. ఆ 5.0 ఇంజనే 1991లో ఈబీ ఫాల్కన్‌లో ఆస్ట్రేలియాకూ వచ్చింది. కాబట్టి పాత పార్టులు అమ్మే యార్డుల్లో రెండు రకాల ఫ్లైవీళ్లూ ఒకే అరలో పడి ఉంటాయి. 50 ఔన్సులది తెచ్చి పాత 351కి బిగిస్తే బోల్టులన్నీ చక్కగా పడతాయి. ఇంజన్ స్టార్ట్ చేశాక స్టీరింగ్ వణుకుతుంది, కొన్నాళ్లకు మెయిన్ బేరింగులు పోతాయి. బోల్టులు పడ్డాయి కదా అని సంబరపడకూడదని ఇందుకే అంటాను. బోల్టులు చూడటం మొదటి పని, అక్కడితో ఆగితే మాత్రం మళ్లీ బ్యాడ్జీ చూసినట్టే.

ఇక నా టాక్సీ ఇంజన్. దాని పుట్టుక అమెరికాలోనే. 1960 మోడల్‌గా వచ్చిన అక్కడి చిన్న కారు ఫాల్కన్ కోసం ఫోర్డ్ ఒక చిన్న ఆరు సిలిండర్ల ఇంజన్ చేసింది, 144 ఘనపు అంగుళాలది. 1960లోనే మెల్‌బోర్న్ శివారు బ్రాడ్‌మెడోస్‌లో ఆస్ట్రేలియా ఫాల్కన్ మొదలైంది, అదే ఇంజన్‌తో. అమెరికన్ ఇంజన్‌కు ఇన్‌టేక్ మానిఫోల్డు విడిగా లేదు, హెడ్‌తోనే కలిపి పోసేశారు. ఖర్చు తగ్గింది, ఊపిరీ తగ్గింది. అమెరికాలో ఎవరికీ అది పట్టలేదు, పవర్ కావాలంటే వీ8 కొనుక్కుంటారు. ఆస్ట్రేలియాలో ఆరు సిలిండర్లదే అసలు బేరం కాబట్టి ఇక్కడి ఇంజనీర్లు దాన్ని వదల్లేదు. 1970ల మొదట్లో మానిఫోల్డు విడదీసిన 250-2వీ హెడ్ వచ్చింది. 1976లో ఒక పక్క నుంచి గాలి లోపలికి, ఇంకో పక్క నుంచి పొగ బయటికి పోయే క్రాస్‌ఫ్లో హెడ్ వచ్చింది. 1980లో అదే అల్యూమినియంలో. అమెరికా 1980ల మొదట్లో ఈ ఇంజన్‌కు స్వస్తి చెప్పింది. ఆస్ట్రేలియా 1988లో వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్‌ను హెడ్ పైకెక్కించింది, 2002లో రెండు క్యాములు, సిలిండర్‌కు నాలుగు వాల్వులతో బారా అని పేరు పెట్టింది. 2016లో ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేసేదాకా అది నడిచింది.

ఇందులో ఎక్కడిదాకా పార్టులు మారతాయి? 250-2వీ హెడ్ అమెరికన్ 200, 250 ఇంజన్ల మీద కూర్చుంటుంది. నీటి దారులు, పుష్‌రాడ్లు కొంచెం చూసుకోవాలి. ఆరు సిలిండర్ల పాత మస్టాంగ్ ఉన్న అమెరికన్లు ఈ హెడ్ల కోసం ఆస్ట్రేలియా యార్డులను ఎంతగా గాలించారంటే, ఇప్పుడు మంచిది దొరకడం కష్టం. బారా దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మూసుకుపోయింది. స్ట్రోకు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పాత 250కి 3.91 అంగుళాలు, బారాకు 99.31 మిల్లీమీటర్లు. అంగుళాలను 25.4తో గుణించి చూడండి, రెండూ ఒకటే. అన్ని తరాలు మారినా ఆ కొలత అలాగే నిలిచింది. అయినా బారా హెడ్ తెచ్చి 1970ల 250 మీద పెట్టలేరు, ఎందుకంటే క్యాములు తిప్పే చైన్ కోసం బ్లాకు ముందు భాగమంతా మారిపోయింది. రక్తసంబంధం ఉన్నంత మాత్రాన ఒకరి చొక్కా ఇంకొకరికి సరిపోదు.

ఇప్పుడు మా బాబాయి కొడుకు సంగతి. వాడి దగ్గర 2005 పాంటియాక్ జీటీవో ఉంది. పేరు పాంటియాక్ గానీ, అది దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎలిజబెత్ ప్లాంటులో తయారైన మొనారోనే. 2004 నుంచి 2006 దాకా స్టీరింగ్ ఎడమకు మార్చి, అమెరికా క్రాష్ నిబంధనల కోసం పెట్రోలు ట్యాంకును డిక్కీలోకి జరిపి అక్కడికి పంపారు. మొదటి ఏడాది 5.7 లీటర్ల ఎల్‌ఎస్1, తర్వాత 6 లీటర్ల ఎల్‌ఎస్2. గేర్‌బాక్స్ టీ56, ఆరు గేర్ల మాన్యువల్. వాడి గేర్‌బాక్స్ మూడో గేరులో గరగరమంటోంది. పాత షెవర్లే కమారోది టీ56 ఒకటి చవకగా దొరుకుతోందని ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, అదీ టీ56, ఇదీ టీ56. కొనేస్తున్నా."

"ఆగరా. వెనక చివర ఫొటో తీసి పంపమను."

ఫొటో వచ్చింది. కమారో టీ56 వెనక స్ప్లైన్లు (పళ్లలాంటి గాట్లు) ఉన్న షాఫ్ట్ కనిపిస్తుంది, డ్రైవ్‌షాఫ్ట్ యోక్ దాని మీదికి జారి కూర్చుంటుంది. జీటీవోది అలా కాదు. వెనక ఒక ఫ్లాంజ్, దానికి దళసరి రబ్బరు కప్లింగ్ బోల్టులతో బిగించి ఉంటుంది, అక్కడి నుంచి రెండు ముక్కల డ్రైవ్‌షాఫ్ట్. లోపలి గేర్లు, వాటిని మెత్తగా కలిపే సింక్రో రింగులు ఒక కుటుంబంవే. బయటి చివర వేరు, లివర్ పైకి వచ్చే చోటు వేరు. ఆ బాక్సు ఎక్కించాలంటే డ్రైవ్‌షాఫ్ట్ కొత్తది చేయించుకోవాలి, టెయిల్ హౌసింగ్ మార్చాలి. చవక బేరం కాస్తా చేంతాడంత బిల్లు అవుతుంది. చివరికి వాడు తన బాక్సే విప్పించి, అమెరికా షాపుల్లోనే దొరికే సింక్రోలు వేయించుకున్నాడు. సరైన పని అది. ఇలాంటి చోట మొత్తం బాక్సు మార్చడం కన్నా లోపలి పార్టులు మార్చడమే తెలివి.

ఇంజన్‌కూ ఇదే వర్తిస్తుంది. ఎల్‌ఎస్1 బ్లాకు, హెడ్లు, క్రాంక్ కమారోలోనూ హోల్డెన్ కామొడోర్‌లోనూ ఒకటే. కానీ హోల్డెన్ కింద క్రాస్‌మెంబర్ (అడ్డ దూలం) ఉన్న చోటును బట్టి సంప్ గుంట ముందుకు ఉంటుంది, కమారోలో వెనక్కి. అమెరికా నుంచి ఇంజన్ తెప్పించుకున్న ఇక్కడివాళ్లు కామొడోర్ సంప్, ఆయిల్ పికప్ పైపు ముందుగా వెతికి పెట్టుకోవాలి. పాత అమెరికన్ ఆటోమేటిక్ బాక్సు దాని వెనక తగిలిద్దామనుకుంటే ఇంకో తేడా ఉంది. ఎల్‌ఎస్ క్రాంక్ వెనక ముఖం పాత స్మాల్ బ్లాకు కన్నా 0.4 అంగుళాలు లోపలికి ఉంటుంది. అంటే పది మిల్లీమీటర్లు. మధ్యలో స్పేసర్ వేయకుండా బిగిస్తే ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే టార్క్ కన్వర్టర్‌కు ఆసరా ఉండదు, బాక్సు ముందున్న ఆయిల్ పంపు దెబ్బతింటుంది.

వైరింగ్ సంగతి చాలామంది ఆఖరికి ఆలోచిస్తారు, అదే ముందు ఆలోచించాల్సింది. 1999లో వీటీ కామొడోర్‌లోకి ఎల్‌ఎస్1 వచ్చినప్పుడు ఇంజన్ కంప్యూటర్ అమెరికా నుంచి వచ్చింది, కారు బాడీ కంప్యూటర్ హోల్డెన్‌ది. ఒకదాని భాష ఇంకోదానికి రాదు. మధ్యలో దుభాషిలా ఒక చిన్న మాడ్యూల్ పెట్టారు, దాన్ని పిమ్ అంటారు. హోల్డెన్ వాళ్లకే తమ సొంత కారులో అమెరికన్ ఇంజన్ పెట్టడానికి ఇంత అవసరమైందంటే, మన గ్యారేజీలో ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. పిమ్ లేకుండా పెడితే దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్ ఒప్పుకోదు, ఇంజన్ స్టార్ట్ కాదు. అందుకే నేను ఎవరికైనా చెప్పేది, ఇంజన్ కొనొద్దు, గుద్దేసిన కారు మొత్తం కొనండి అని. ఖరీదు ఎక్కువ అనిపిస్తుంది. తర్వాత ఒక్కొక్క బ్రాకెట్టు, ఒక్కొక్క కనెక్టరు వెతుక్కునే టెన్షన్ ఉండదు, మిగిలిన ఇనుము అమ్ముకోవచ్చు.

"ఫోర్డ్‌లో ఫోర్డ్ ఇంజనే ఉండాలి" అనే నిష్ఠాగరిష్ఠుల వాదన కూడా ఇక్కడ తేల్చేయాలి. మనసు సంగతి వేరు, దాన్ని కాదనను. కానీ అదే తేలిక దారి అనడం మాత్రం తప్పు. 1970 ఎక్స్‌వై ఫాల్కన్ ఇంజన్ బే చూడండి. రెండు పక్కలా షాక్ టవర్లు (సస్పెన్షన్ పైభాగం కూర్చునే గోడలు) లోపలికి తన్నుకొచ్చి ఉంటాయి. అక్కడ పాత విండ్సర్ హాయిగా దిగుతుంది. కొత్త అమెరికన్ 5 లీటర్ల కొయోటీ కూడా ఫోర్డే, కానీ హెడ్‌కు రెండేసి క్యాములు కాబట్టి వెడల్పు ఎక్కువ, టవర్లు కోయకుండా దిగదు. క్యామ్ మధ్యలో ఉండే ఎల్‌ఎస్ దానికన్నా సన్నం, అది జనరల్ మోటార్స్‌ది. కొలత టేప్‌కు కంపెనీ భక్తి ఉండదు. ఆస్ట్రేలియాలో ఇంకో అడ్డంకి కూడా ఉంది, స్టీరింగ్ కుడివైపు. అమెరికాలో ఎడమ స్టీరింగ్ కోసం చేసిన హెడర్లు (ఇంజన్ పొగ గొట్టాలు) తెస్తే కుడివైపు పైపులు సరిగ్గా స్టీరింగ్ బాక్సు మీదికి వస్తాయి. స్టార్టర్ మోటారు కూడా ఆ పక్కే. అమెరికా కేటలాగులో "ఫాల్కన్‌కు సరిపోతుంది" అని రాసి ఉంటే, అది ఏ ఫాల్కనో, స్టీరింగ్ ఎటో అడిగి గానీ కార్డు గీకొద్దు.

చట్టం గురించి క్లుప్తంగా. విక్టోరియాలో ఇంజన్ రకం మారిస్తే అధికారిక ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. బ్రేకులు, పొగ నిబంధనలు ఆయన చూస్తారు. కాలిఫోర్నియాలో పెట్టే ఇంజన్ కారు కన్నా పాతది కాకూడదు, దాని పొగ నియంత్రణ సామాను అంతా ఉండాలి. 1975, అంతకు ముందు కార్లకు అక్కడ పొగ పరీక్షే లేదు. ఆస్ట్రేలియా బారా ఇంజన్లు అక్కడి పాత మస్టాంగుల్లోకి దూరుతుండటానికి ఇదీ ఒక కారణం.

అవును, ఇప్పుడు బారాలు అటు ప్రయాణం కట్టాయి. మామూలు బారా 182 కిలోవాట్లు, టర్బోతో 240 నుంచి మొదలై, ఫోర్డ్ వేగం బళ్ల విభాగం ఎఫ్‌పీవీ చేసిన ఎఫ్6లో 310కి చేరింది. బ్లాకు పోత ఇనుము, ఎంత బూస్ట్ పెట్టినా ఓర్చుకుంటుంది. బలహీనత ఆయిల్ పంపు గేర్లు, వాల్వు స్ప్రింగులు; పెట్టేముందే మార్చేయడం మంచిది. గేర్‌బాక్స్ విషయంలో మాత్రం అమెరికా వాళ్లు మళ్లీ పేరు చూసి పొరబడుతున్నారు. 2005 తర్వాతి టర్బో ఫాల్కన్లలో ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్ జర్మన్ కంపెనీ జెడ్‌ఎఫ్ వారి 6హెచ్‌పీ26. అమెరికన్ ఫోర్డుల్లోని 6ఆర్80 కూడా ఆ డిజైన్‌నే లైసెన్స్ తీసుకుని చేసింది. కాబట్టి అక్కడి 6ఆర్80నే బారాకు తగిలిద్దామనుకుంటారు. కానీ దాని బెల్‌హౌసింగ్ బాక్సు పోతతోనే కలిసి ఉంటుంది, విప్పి బారా బోల్టులకు పట్టేది పెట్టడానికి లేదు.

మా వాడి స్నేహితులు ఇద్దరు బారా పంపమని అడిగారు. వాళ్లకు రాసిందే ఇక్కడా రాస్తున్నాను. టాక్సీ ఇంజన్ చవకగా వస్తుందని కక్కుర్తి పడొద్దు. ఎల్‌పీజీ ఇంజన్‌కు ఇంధన సామాను వేరు, 2011 తర్వాతి గ్యాస్ ఇంజన్‌లో కంప్రెషన్ 12, టర్బోకు అది పనికిరాదు. టర్బో ఫాల్కన్ నుంచి తీసినదే తీసుకోండి, జెడ్‌ఎఫ్ బాక్సుతో కలిపి. కంప్యూటర్, బాడీ మాడ్యూల్, తాళం చెవి ఒకే కారువి కావాలి. వైరింగ్ కోసి ఇస్తానంటే ఒప్పుకోకండి, ఫైర్‌వాల్ నుంచి ప్లగ్గులతో సహా లాగి ఇమ్మనండి. యాక్సిలరేటర్ పెడల్ కూడా పెట్టెలో వేయమనండి, టర్బో బారాకు కేబుల్ ఉండదు, పెడల్ మాట వైర్ల మీదే ఇంజన్‌కు వెళ్తుంది.